భయంతో కరిచే కుక్కను నెల రోజులు ట్రైనర్ దగ్గర వదలాలా?

నమస్కారమండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. బ్రౌనీకి ఇప్పుడు రెండున్నరేళ్లు. వానాకాలంలో వీధి చివర వణుకుతూ కనిపిస్తే ఐదు నెలల వయసులో ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లోవాళ్లతో మేకపిల్లలా ఉంటుంది, మీ ఆరేళ్ల పాప పక్కనే పడుకుంటుంది. కొత్తవాళ్లు గేటు తీస్తే మాత్రం వీపు మీద జుట్టు నిక్కబొడుచుకుని మొరుగుతుంది. పోయిన నెల గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి తిరిగి వెళ్తుంటే వెనకనుంచి పిక్క పట్టుకుంది. చేతికర్రతో నడిచే మీ మామగారి మీదికి రెండుసార్లు దూకింది, ఆయన దసరాకు మళ్లీ వస్తున్నారు. ఒక ట్రైనర్ ముప్ఫై అయిదు వేలు తీసుకుని, నెల రోజులు తన దగ్గర ఉంచుకుని 'సరిచేసి' పంపుతానన్నారు. పంపాలా, అసలు ఇలాంటి కుక్కలకు నిపుణుల సాయం పనిచేస్తుందా అని మీరు అడిగారు.

సాయం తప్పకుండా తీసుకోండి. ఆ నెల రోజుల శిక్షణకు మాత్రం పంపకండి. ముందు పశువైద్యుడికి చూపించండి. తర్వాత మీ ఇంటికే వచ్చి, మీ గేటు దగ్గరే నిలబడి, బ్రౌనీ కంటే ఎక్కువగా మీకు నేర్పే మనిషిని వెతకండి. ఆ మనిషి దొరికేలోపు గేటుకూ బ్రౌనీకీ మధ్య ఎప్పుడూ ఇంకో మూసిన తలుపు ఉండాలి. తొందరలో ఉంటే ఇంతవరకు చదివి ఆపేసినా చాలు. కారణాలు కావాలంటే కొంచెం తీరిక చేసుకుని చదవండి.

నేను పశువైద్యుణ్ని. ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో చివరి పదకొండేళ్లుగా నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా భయపడే కుక్కలు, కరిచే కుక్కలే. చాలావరకు ఆ రెండూ ఒకటే.

కుక్క సంగతికి ముందు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది. ఆ సిలిండర్ అబ్బాయికి 'రక్తం రాలేదు, ఎర్రగా గీరుకుంది అంతే' అన్నారు. గీరుకున్నా రేబీస్ టీకా వేయించుకోవాల్సిందే. రక్తం వస్తే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపే రేబీస్‌ను అడ్డుకునే మందు) కూడా ఇస్తారు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టకూడదు. టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. కరిచిన పది రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో రేబీస్ లేనట్టే. బ్రౌనీ నెల దాటినా హాయిగా ఉంది కాబట్టి ఈసారికి గండం గడిచింది. అలాగని ఇంకెప్పుడైనా ఆ పది రోజులూ ఆగి చూద్దామని టీకా వాయిదా వేయకండి. టీకా మొదలుపెట్టాక కుక్కను గమనించాలి, అదీ వరుస. బ్రౌనీ టీకా పుస్తకంలో రేబీస్ టీకా తేదీ కూడా ఈ రోజే చూసుకోండి.

ఇక బ్రౌనీ. అది పొగరుబోతు కుక్క అనీ, ఇంటికి తనే యజమాని అనుకుంటోందనీ ఆ ట్రైనర్ చెప్పారన్నారు. మీరు రాసినదాన్నిబట్టి నాకు అలా అనిపించడం లేదు. ఆ అబ్బాయి ఎదురుగా ఉన్నంతసేపూ అది మొరిగింది గానీ దగ్గరికి వెళ్లలేదు. అతను వీపు తిప్పగానే పిక్క పట్టి, వెంటనే వదిలేసి, మంచం కిందికి దూరింది. ఇది పిరికికుక్క కాటు. ధైర్యమున్న కుక్క ఎదురుగా వస్తుంది. భయపడే కుక్క, 'పోతున్నాడు, ఇదే అదను, మళ్లీ రాకుండా చూడాలి' అన్నట్టు వెనకనుంచి పట్టుకుంటుంది. పైగా దానికి అది ప్రతిరోజూ ఫలితమిచ్చే పద్ధతి. పేపరు అబ్బాయి వస్తాడు, బ్రౌనీ మొరుగుతుంది, అతను వెళ్లిపోతాడు. అతను వెళ్లింది పేపరు వేయడం అయిపోయి అని మనకు తెలుసు. బ్రౌనీ లెక్కలో తన మొరుగుడుకు భయపడి వెళ్లాడు. ఏడాదికి మూడు వందలసార్లు గెలిచే ఆటను ఎవరు మానుకుంటారు?

ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందంటే, కుక్కపిల్లకు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం వరకు లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో ఏ మనుషులను, ఏ చప్పుళ్లను హాయిగా చూస్తే అవి మామూలు అనుకుంటుంది. చూడనివాటిని తర్వాత అనుమానిస్తుంది. బ్రౌనీ ఆ వయసంతా వీధిలో గడిపింది. చేతిలో కర్ర ఉన్న మనిషి వీధికుక్కపిల్లకు ఎలా కనిపిస్తాడో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ మామగారు దాన్ని ఏమీ అనకపోవచ్చు. ఆయన చేతికర్ర మాత్రం దానికి పాత పరిచయమే.

ఇప్పుడు ఆ నెల రోజుల శిక్షణ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఐదేళ్ల కిందట నా దగ్గరికి ఒక లాబ్రడార్ వచ్చింది, పేరు సింబా. అతిథులను చూసి గుర్రుమంటోందని ఆ ఇంటివాళ్లు దాన్ని ఒక శిక్షణ కేంద్రంలో ఆరు వారాలు ఉంచారు. తిరిగి వచ్చాక ఎవరు వచ్చినా కిక్కురుమనకుండా కూర్చునేది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. మూడో వారంలో, దాని తల నిమరబోయిన బంధువు ముంజేతిని పట్టుకుని నాలుగు పళ్లూ దించింది. 'ఒక్క హెచ్చరిక కూడా లేదు డాక్టరుగారూ, ఉన్నట్టుండి' అన్నారు. దాని మెడ కింద జుట్టు పక్కకు తీసి చూస్తే వరుసగా చిన్నచిన్న మచ్చలు, ముళ్ల బెల్టు గుచ్చుకున్న గుర్తులు. గుర్రుమన్నప్పుడల్లా గుంజారు. సింబాకు మనుషులంటే భయం తగ్గలేదు, గుర్రుమంటే నొప్పి అనే పాఠం మాత్రం ఒంటబట్టింది. అందుకే గుర్రుమనడం మానేసింది. మధ్యలో మెట్టు తీసేస్తే మిగిలేది చివరి మెట్టే కదా.

గుర్రుమనే కుక్కను కసరకండి. అది మీకు చేస్తున్న ఉపకారం. 'మొరిగే కుక్క కరవదు' అనే సామెత పుట్టించినాయన ఎప్పుడూ భయపడ్డ కుక్కను మూలకు నెట్టి ఉండడు. దానికంటే 'పిల్లిని గదిలో పెట్టి కొడితే పులి అవుతుంది' అన్నదే నా పనిలో నాకు ఎక్కువసార్లు నిజమైంది.

కుక్కను అణచాలి, మనం దాని గుంపుకు నాయకుడిగా ఉండాలి అనే సిద్ధాంతానికి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బంధించిన తోడేళ్ల మీద రాసిన పరిశీలన. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో పెడితే అవి పెత్తనం కోసం కొట్లాడుకున్నాయి. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలేనని, పెత్తనం మాట అక్కడ పెద్దగా వర్తించదని 1999లో డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల పరిశోధకుడు రాశారు. పెత్తనం సిద్ధాంతానికి మొదట్లో బాగా ప్రచారం ఇచ్చినవాళ్లలో ఆయనా ఒకరు, తర్వాత తానే దిద్దుకున్నారు. మన ట్రైనర్లలో చాలామంది ఇంకా 1947లోనే ఉన్నారు. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు తమ దగ్గరికి కుక్కలను తెచ్చిన 140 మంది యజమానులను అడిగి చూశారు. కొట్టడం, తన్నడం, వెల్లకిలా పడేసి నొక్కిపట్టడం, కళ్లలోకి గుడ్లురిమి చూడటం లాంటి పద్ధతులు వాడినప్పుడు కనీసం నాలుగో వంతు కుక్కలు తిరగబడ్డాయని తేలింది.

ఇదంతా దూరంనుంచి ఇంకొకరిని అంటున్న మాట కాదు. మొదటి మూడేళ్లు నేనూ గొలుసు గుంజినవాడినే. ఒక ఆల్సేషన్‌ను అలాగే 'దారికి తెచ్చాను'. ఏడాది తిరక్కుండా దాని యజమాని ఫోను చేసి, ఇప్పుడది నా స్కూటరు చప్పుడుకే మూత్రం పోసుకుంటోందని చెప్పారు. ఇతర మనుషుల మీద భయం అలాగే ఉంది, దానికి నేను అదనంగా చేరాను. ఆ ఫోను తర్వాతే ఈ విషయం మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.

వదిలి వచ్చే శిక్షణలో ఇంకో చిక్కు ఉంది. ట్రైనర్ చేతిలో సలక్షణంగా ఉండటం ఆ కుక్క ఆ చోటికి, ఆ మనిషికి ముడిపెట్టుకుని నేర్చుకుంటుంది. బ్రౌనీ బెదురు మీ గేటు గడియ చప్పుడుతో మొదలవుతుంది. ఆ గడియ అక్కడ లేదు. మీ మామగారు అక్కడ లేరు. మీరూ లేరు. నెల తర్వాత అది అదే గేటు దగ్గరికి, ఏమీ నేర్చుకోని మీ దగ్గరికి తిరిగి వస్తుంది. ఇంట్లో ఎవరిని చూసి అది ధైర్యం తెచ్చుకుంటుందో వాళ్లకే దూరంగా, కొత్తవాళ్ల మధ్య, బోనులో నెల రోజులు ఉండటం దానికి ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి.

ముందు డాక్టరు దగ్గరికి ఎందుకంటే: నొప్పి ఉన్న జంతువుకు ఓర్పు తక్కువ. పిల్లవాడు చెవి పట్టుకోగానే కరిచిందని ఒక కాకర్ స్పానియల్‌ను తెచ్చారు. అంతకుముందు నాలుగేళ్లు ఎవరినీ ఏమీ అనలేదట. కుడి చెవి ఎత్తితే లోపల నల్లటి చీము, పుల్లటి వాసన. మూడు వారాలు చెవి మందు, ఇంకే శిక్షణా లేదు. ఆ తర్వాత రెండేళ్లుగా ఒక్క ఫిర్యాదు లేదు. అన్ని కేసులూ ఇంత తేలిగ్గా తేలవు. కానీ చెవులు, పళ్లు, తుంటి కీళ్లు, కంటిచూపు, థైరాయిడ్, పిడుదులవల్ల వచ్చే జ్వరాలు చూడకుండా 'ప్రవర్తన సమస్య' అనే ముద్ర వేయకూడదు. వీధిలో పెరిగిన కుక్కలకు పాత విరుగుళ్లు కూడా ఉంటాయి. బ్రౌనీ మెట్లు ఎక్కేటప్పుడు ఒక కాలు దాచుకుంటోందా, పడుకుని లేచేటప్పుడు బిగుసుకుంటోందా చూడండి. మీ ఊళ్లో ఎక్స్‌రే, రక్తపరీక్షల సౌకర్యం సరిగా లేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల వంటి చోట్ల బోధనాసుపత్రులు ఉన్నాయి. మీకు గన్నవరం దగ్గర.

ఆపరేషన్ చేయిస్తే శాంతిస్తుందా అని చాలామంది అడుగుతారు. పిల్లలు పుట్టకుండా చేయించడానికి వేరే మంచి కారణాలున్నాయి, చేయించండి. భయాన్ని మాత్రం అది తగ్గించదు, కొన్ని బెదురు కుక్కల్లో ఇంకాస్త పెంచవచ్చు కూడా. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మందుల గురించి మీరు అడగలేదు, కానీ డాక్టరు ఆ మాట ఎత్తితే బెదిరిపోతారేమోనని ముందే చెబుతున్నాను. ఫ్లూఆక్సిటీన్, క్లోమిప్రమీన్ లాంటివి మత్తుమందులు కావు. కుక్క తూగుతూ పడి ఉండదు. మెదడు ఎప్పుడూ ప్రమాదఘంట మోగిస్తూ ఉంటే పాఠం తలకెక్కదు. ఆ ఘంట హోరును తగ్గించడమే వీటి పని. ఫ్లూఆక్సిటీన్ ప్రభావం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులు వేసి ఏమీ తేడా లేదని మానేసేవాళ్లే ఎక్కువ. హఠాత్తుగా మానేయడమూ మంచిది కాదు. ఇంకో ముఖ్యమైన మాట: పిడుదులకు అమిట్రాజ్ మందు పూస్తున్నా, ఆ మందున్న బెల్టు కట్టినా డాక్టరుకు తప్పకుండా చెప్పండి, దానితో ఈ మందులు కలవకూడదు. ఇంట్లో పెద్దవాళ్ల నిద్రమాత్ర సగం విరిచి వేసే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అలా వేస్తే కొన్ని కుక్కలు మందగించే బదులు ఉన్న అదుపు కూడా కోల్పోతాయి.

సరైన మనిషిని ఎలా గుర్తుపట్టాలి? పశువైద్యుడికైతే రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడగవచ్చు. 'డాగ్ ట్రైనర్' అని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర అలాంటిదేమీ తప్పనిసరి కాదు. నిన్నటిదాకా కుక్కపిల్లలు అమ్మినవాళ్లు ఈ రోజు 'బిహేవియర్ స్పెషలిస్టు' కావచ్చు. కూర్చో, పడుకో, బంతి తీసుకురా అని నేర్పడంలో నేర్పరులైనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను తక్కువ చేయడం లేదు. భయాన్ని తగ్గించడం వేరే విద్య. బ్రౌనీకి కూర్చోమంటే కూర్చోవడం వచ్చు, మీరే రాశారు. గ్యాస్ అబ్బాయి వచ్చినప్పుడు దానికి ఆ మాట వినిపించలేదు, అంతే.

ఫోనులోనే మూడు ప్రశ్నలు అడగండి. 'మా కుక్క చెప్పింది చేయకపోతే మీరు ఏం చేస్తారు?' 'ఇంకాస్త దూరం జరిగి, తేలిక చేసి మళ్లీ ప్రయత్నిస్తాను' లాంటి జవాబు రావాలి. 'దిద్దుతాను', 'ఎవరు పెద్దో తెలిసేలా చేస్తాను' అంటే ఫోను పెట్టేయండి. రెండోది, మెడకు ఏం వాడతారు అని. బిగుసుకునే గొలుసు, ముళ్ల బెల్టు, కరెంటు బెల్టు, ఇందులో ఏ పేరు వినిపించినా వద్దు. కరెంటు బెల్టును వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. మూడోది, ఎన్నాళ్లలో నయం చేస్తానని హామీ ఇస్తారు అని. ఇది ఉచ్చు ప్రశ్న. హామీ ఇచ్చినవాళ్లను వదిలేయండి. బతికున్న ప్రాణి ప్రవర్తనకు వారంటీ కార్డు ఉండదు. మంచి మనిషి దానికి బదులు మిమ్మల్నే గంటసేపు ప్రశ్నలతో వేధిస్తారు: ఎప్పుడు కరిచింది, ఎక్కడ, ఎంత లోతు, అంతకు ముందురోజు ఏం జరిగింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు.

కరిచిన లోతు ఎందుకంటే, ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాట్లను ఆరు స్థాయులుగా విభజించారు. పన్ను తగలకుండా గాలిలో కొరకడం మొదటిది. తగిలినా గుచ్చుకోకపోవడం రెండోది. ఒక్క కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, అవీ కోరపన్ను పొడవులో సగానికి మించకుండా ఉంటే మూడోది. అంతకంటే లోతైతే నాలుగోది. ఆపైన పలుమార్లు కరవడం, చివరిది ప్రాణం తీయడం. మీరు చెప్పినట్టు గీరుకోవడమే అయితే బ్రౌనీ రెండో స్థాయిలో ఉంది. అంటే ఆ భయంలో కూడా పళ్లను అదుపులో పెట్టుకుంది. ఇది నిజంగా మంచి కబురు. నాలుగో స్థాయి కుక్క, ఇంట్లో ఆరేళ్ల పాప అయితే నా జవాబు ఇంత నింపాదిగా ఉండేది కాదు.

పని ఎలా ఉంటుందో ఒక పూట చెబుతాను. మల్లి అని తెల్లటి వీధికుక్క, విశాఖలో ఒక అపార్టుమెంటు. మొదటి రోజు నేను ఇంట్లోకే వెళ్లలేదు. దాని యజమానురాలు మల్లిని కింద పార్కింగులో పట్టుకుని నిలబడ్డారు, చేతిలో ఉడికించిన చికెన్ ముక్కల గిన్నె. నేను దాదాపు నలభై అడుగుల దూరంలో స్తంభం వెనక ఉన్నాను. బయటికి ఒక్క అడుగు వేశాను. మల్లి చెవులు నిక్కాయి, ముందు కాలు ఒకటి గాలిలో ఆగింది, బరువంతా వెనక కాళ్ల మీదికి పోయింది. నాలుక ఒక్కసారి ముక్కు మీదికి వచ్చి పోయింది. చూసేవాళ్లకు అది ఊరికే నాలుక చప్పరించడం, నాకు అది 'ఇక దగ్గరికి రావద్దు' అని చెప్పడం. ఆవిడ వెంటనే ఒక ముక్క ఇచ్చారు, ఇంకోటి ఇచ్చారు. నేను స్తంభం వెనక్కి వెళ్లాను. ముక్కలు ఆగిపోయాయి. మళ్లీ బయటికి, మళ్లీ ముక్కలు. తొమ్మిదోసారి నేను కనిపించగానే మల్లి నన్ను ఒక్క క్షణం చూసి, తల తిప్పి ఆవిడ చేతి వంక చూసింది. ఆ తల తిప్పడం కోసమే అంతసేపు. అక్కడితో ఆపేసి ఇంటికి వెళ్లిపోయాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడకు 'దీనికా ఇంత డబ్బు' అనిపించి ఉంటుంది, ముఖంలో కనిపించింది. ఐదో నెలలో మల్లి నా చెప్పులు వాసన చూసి పక్కన పడుకుంది.

ఇందులో రెండు కిటుకులు. ఒకటి, మనిషి ముందు కనిపించాలి, చికెన్ తర్వాత రావాలి. తారుమారైతే కొన్నాళ్లకు చికెన్ గిన్నె చప్పుడే ప్రమాద సూచన అవుతుంది. రెండు, దూరం. చికెన్ అంటే ప్రాణమిచ్చే కుక్క ముక్కను ముట్టుకోకపోయినా, వేళ్లు కొరికేంత మోటుగా లాక్కున్నా మీరు మరీ దగ్గరున్నారని అర్థం. వెనక్కి జరగండి. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. 'నిన్న ఇరవై అడుగుల దాకా వచ్చింది, ఈ రోజు పదికి వెళ్దాం' అంటారు. నిన్న రాత్రి పక్కింట్లో పెళ్లి బాజాలు మోగి కుక్క నిద్రపోలేదని గుర్తుండదు. అలాంటి రోజున ఇరవై కూడా దానికి ఎక్కువే. మీ దగ్గర ఇలాంటి మనిషి లేకపోతే వీడియోకాల్‌లో నేర్పేవాళ్లను చూడండి. నేర్చుకోవాల్సింది మీరే కాబట్టి అదీ బాగానే సాగుతుంది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య కుక్కకూ ఇదే సమస్య అన్నారు. అక్కడ అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ బిహేవియరిస్ట్స్ ధ్రువీకరించిన పశువైద్యులున్నారు, వాళ్లలో ఒకరిని చూడమనండి.

ఈలోగా ఇంట్లో చేయాల్సింది. గేటుకు 'కుక్క ఉంది, ఫోను చేసి రండి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు. ఎవరైనా వచ్చే ముందే బ్రౌనీ లోపలి గదిలో, తలుపు మూసి, నమలడానికి ఏదైనా ఇచ్చి. వచ్చినవాళ్లు 'మాకు కుక్కలంటే అలవాటే, ఏమీ చేయదు' అని ఎంత ధీమాగా చెప్పినా తలుపు తీయకండి. నేను చూసిన కాట్లలో సగం అలవాటున్నవాళ్లకే పడ్డాయి. పాపను దాని పక్కన పడుకోనివ్వడం కొన్నాళ్లు మానండి. పాపను అది ఏమీ అనదనే అనుకుంటున్నాను. కానీ పాప స్నేహితులు ఇంటికి వస్తారు.

మూతి బుట్ట అలవాటు చేయండి. పైరు మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దుకు చిక్కం వేస్తారు కదా, అలాంటిదే. అది శిక్ష కాదు. గుడ్డతో కుట్టి మూతిని బిగించేది మాత్రం కొనకండి. కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒంట్లో వేడి పోతుంది, మన ఎండల్లో మూతి బిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. నోరు తెరవడానికి, నీళ్లు తాగడానికి వీలున్న బుట్ట తీసుకుని, లోపల గడ్డపెరుగు రాసి, అదే మూతి పెట్టుకునేలా వారం పది రోజులు వదిలేయండి. పట్టీ బిగించడం ఆ తర్వాతి సంగతి.

ఒక పుస్తకం పెట్టి రాయడం మొదలుపెట్టండి: తేదీ, వేళ, ఎవరు, ఎంత దూరం, ఏం చేసింది, ఎంతసేపటికి స్థిమితపడింది. తలుపు పక్కనుంచి తీసిన ఫోను వీడియోలు రెండు మూడు ఉంటే ఇంకా మంచిది. కానీ వీడియో కోసం దాన్ని కావాలని రెచ్చగొట్టకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పెంపుడు జంతువువల్ల మనుషులకు హాని జరగకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒకసారి కరిచిందని మీకు తెలుసు కాబట్టి, రెండోసారి 'మాకు తెలియదు' అనే మాట చెల్లదు. కుక్కను కొట్టి సరిచేస్తామంటే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది.

ఎన్నాళ్లు పడుతుందన్నారు. బ్రౌనీ లాంటి కేసుల్లో మూడు నెలలకు తేడా కనిపిస్తుంది, ఆరు నెలలకు ఇంట్లోవాళ్లకు ఊపిరి ఆడుతుంది. దాని భయం పూర్తిగా చెరిగిపోతుందని నేను చెప్పను. అది ఎప్పటికీ పెళ్లివారింట్లో తిరిగే కుక్క కాకపోవచ్చు. కొన్నిటికి ఇదీ సాధ్యం కాదు. నా దగ్గరికి వచ్చినవాటిలో కొన్నిటిని పిల్లలు లేని ఇళ్లకు మార్చాం. రెండు సందర్భాల్లో, అన్నీ చేసి చూశాక, నొప్పి లేకుండా ప్రాణం తీయడమే మిగిలింది. ఆ రెండు కుక్కల పేర్లూ నాకు గుర్తున్నాయి. బ్రౌనీ ఆ దారిలో లేదు. ఇప్పుడే మొదలుపెడితే ఆ దారికి వచ్చే అవసరం కూడా రాకపోవచ్చు.

చివరగా దసరా. మీ దగ్గర ఇంకా ఏడు వారాలున్నాయి. మామగారి దగ్గరున్నలాంటి చేతికర్ర ఒకటి తెచ్చి, హాలులో ఒక మూల నేల మీద పడుకోబెట్టండి. ఎవరూ ముట్టుకోవద్దు. రోజూ బ్రౌనీ చూడకుండా దాని చుట్టూ నాలుగు చికెన్ ముక్కలు వేసి ఉంచండి, తనకు తానే వెళ్లి తిననివ్వండి. అది కర్రను దాటుకుంటూ మామూలుగా తిరగడం మొదలుపెట్టాక కర్రను గోడకు ఆనించి నిలబెట్టండి. మళ్లీ అదే పని. తర్వాత మీరు కూర్చుని ఒళ్లో పెట్టుకోండి, ఆ తర్వాత పట్టుకుని నిలబడండి, చివరికి రెండు అడుగులు నడవండి. కర్ర కింద రబ్బరు తొడుగు వేయించండి, టైల్స్ మీద టకటక చప్పుడు తగ్గుతుంది. ఏ మెట్టులోనైనా అది వెనక్కి జంకితే ముందటి మెట్టుకు వెళ్లండి. ఇవన్నీ సాగినా సరే, మామగారు వచ్చిన రోజున బ్రౌనీ లోపలి గదిలోనే ఉండాలి. ఆయన ప్రయాణ బడలిక తీరి, కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు, మూతికి బుట్ట వేసి, హాలు అవతలి చివరనుంచి ఒక్క రెండు నిమిషాలు చూపించి లోపలికి తీసుకెళ్లండి. దాన్ని పేరు పెట్టి పిలవవద్దని, దాని వంక చూడవద్దని, పేపరు చదువుకుంటూ ఉండమని ఆయనకు ముందే ఫోనులో చెప్పి ఉంచండి.